మడ మొక్క నాటడానికి రెండేళ్ళు: ప్రాజెక్టు సమన్వయకర్తగా నా అనుభవం

"అక్కా, ఇంటర్నేషనల్ సంస్థలో క్లైమేట్ ఉద్యోగం అంటే అసలు ఏం చేస్తారు?" అని ఈ మధ్య జూనియర్లు తరచూ అడుగుతున్నారు. ఫోన్లో చెబితే తెమిలే సంగతి కాదు కాబట్టి రాస్తున్నాను. సంస్థ పేరు, ఆఫీసుల పేర్లు రాయను. తేదీలు, డబ్బు, పడ్డ టెన్షన్ మాత్రం ఉన్నవి ఉన్నట్టు రాస్తాను.

2023 జులైలో అప్లై చేశాను. మొదట రాత పరీక్ష. రెండు గంటల్లో ఒక తీర గ్రామానికి లాగ్‌ఫ్రేమ్, అంటే ప్రాజెక్టు లక్ష్యాలు, పనులు, ఫలితాల కొలతలు ఒకేచోట చూపే పట్టిక, తయారుచేసి మెయిల్ చేయాలి. ఆ తర్వాత ఆన్‌లైన్ ఇంటర్వ్యూ. వాతావరణ శాస్త్రం మీద అడిగింది ఒక్కటే ప్రశ్న. మిగతావన్నీ డబ్బు ఆలస్యమైతే కూలీలకు ఏం చెబుతారు, ఫారెస్టు వాళ్ళదో మాట సర్పంచ్‌దో మాట అయితే ఎటు నిలబడతారు, ఇలాంటివే. అప్పుడు వింతగా అనిపించింది కానీ, ఇప్పుడు నన్ను ప్యానెల్లో కూర్చోబెడితే నేనూ అవే అడుగుతాను. సెప్టెంబరులో కాకినాడలో చేరాను. ఏడాది కాంట్రాక్టు, ఏటా రెన్యూవల్. జీతం బాగానే ఉంటుంది కానీ, ఆ కాంట్రాక్టు కాగితం చూసి హోమ్ లోన్ ఇచ్చే బ్యాంకు నాకింకా తగల్లేదు.

చేరగానే చెప్పిన పని కాన్సెప్ట్ నోట్, అంటే నిధుల కోసం దాతకు ముందుగా పంపే చిన్న ప్రతిపాదన. గోదావరి డెల్టాలో మడ అడవుల పునరుద్ధరణ, చవిటిని (ఉప్పు నేలను) తట్టుకునే వరి, లంక గ్రామాలకు వరద హెచ్చరికలు, మూడూ కలిపి ఒకే కార్యక్రమం. గడువు డిసెంబరు మొదటివారం. సరిగ్గా అప్పుడే మిచాంగ్ తుపాను వచ్చింది. డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిందన్న మాటే కానీ, వాన మా డెల్టా అంతా ముంచింది. సార్వా (ఖరీఫ్) కోతల సమయం. పనల మీద ఉన్న వరి పనల మీదే మొలకెత్తింది. నేను కాన్సెప్ట్ నోట్‌లో "తీవ్ర వర్షపాత ఘటనలు" అని టైపు చేస్తుంటే మా పెదనాన్న ఫోన్ చేసి, తడిసిన ధాన్యం కొనే నాథుడు లేడని గంటసేపు మాట్లాడారు. గడువు రెండు రోజులు పొడిగించమని అడిగితే, యూరప్‌లోని దాత సంస్థ నుంచి వెంటనే "తప్పకుండా, జాగ్రత్తగా ఉండండి" అని జవాబు వచ్చింది. ఈ రంగంలో తుపానుకు దొరికినంత సులువుగా ఎలక్షన్లకు గడువు దొరకదని తర్వాత తెలిసింది.

జనవరిలో నోట్ ఒప్పుకున్నారు. ఫుల్ ప్రపోజల్ అడిగారు. అందులో అన్నిటికన్నా నన్ను ఏడిపించిన భాగం ఒక పేజీ. ఈ సమస్యలో వాతావరణ మార్పు వాటా ఎంత, మిగతా కారణాల వాటా ఎంత అని ఆధారాలతో తేల్చి రాయాలి. క్లైమేట్ నిధి కాబట్టి క్లైమేట్ సమస్యకే ఇస్తారు. వాళ్ళ వైపు నుంచి చూస్తే న్యాయమే. కానీ కాట్రేనికోన మండలంలో చేలు చవిటిబారిన ఒక రైతు దగ్గర కూర్చుని ఇదే ప్రశ్న అడిగితే ఆయన అన్న మాట ఇది:

"సముద్రం పెరిగిందో లేదో నేను కొలవలేదండి. డ్రెయిన్ మొగ పూడుకుపోయింది, అది చూశాను. పోటు నీళ్ళు లోపలికొస్తన్నాయి, వాన నీళ్ళు బయటికెళ్ళట్లేదు. డ్రెయిన్ నిండా గుర్రపుడెక్క. పక్క చేలో రొయ్యల చెరువు. ఇందులో ఎవరి పాపం ఎంతో మీరే రాసుకోండి."

ఆయన చెప్పనివి ఇంకా ఉన్నాయి. ఎగువన వరసగా ఆనకట్టలు వచ్చాక గోదావరి తెచ్చే ఒండ్రు తగ్గింది. ఒండ్రు రాకపోతే డెల్టా తనంతట తాను కుంగుతుంది, సముద్రం అంగుళం పెరగకపోయినా తీరం కోసుకుపోతుంది. సముద్రం పెరుగుతున్న మాటా నిజమే. 2011లో కోనసీమ రైతులు సార్వాకు పంట విరామం ప్రకటించినప్పుడు గిట్టుబాటు ధరతో పాటు మురుగు కాలువల బాధ కూడా గట్టిగానే వినిపించింది. ఇవన్నీ మూడు వరసల్లో రాసి పంపాను. సమీక్షకుడు రెండు వరసలు కొట్టేసి "మరింత స్పష్టత కావాలి" అన్నాడు. అలా మార్చి దాకా అటూ ఇటూ తిరిగింది. చివరికి డ్రెయిన్లు, చెరువులు, ఒండ్రు కలిపి ఒక్క వాక్యానికి కుదించారు, సముద్రమట్టానికి పేరా అంతా వెళ్ళింది. నా మట్టుకు నాకు, నిజం ఆ రైతు చెప్పినదాంట్లోనే ఎక్కువ పాళ్ళు ఉంది. అయినా ఆ పేజీ వాళ్ళకు కావలసినట్టు నింపకపోతే ఆ రైతుకు ఒక్క గింజ విత్తనం కూడా రాదు.

2024 మార్చి 16న ఎన్నికల షెడ్యూలు వచ్చింది, కోడ్ అమల్లోకి వచ్చింది. గ్రామసభ తీర్మానం లేనిదే ప్రపోజల్ పూర్తికాదు, కోడ్ ఉండగా కొత్త పని గురించి గ్రామసభ పెట్టడానికి వీల్లేదన్నారు. ఇది యూరప్ వాళ్ళకు అర్థమయ్యేలా చెప్పడానికి నాకు మూడు మెయిళ్ళు, ఒక కాల్ పట్టింది. "మరి ఆన్‌లైన్‌లో సమావేశం పెట్టొచ్చు కదా" అన్నారు. మే 13న పోలింగ్, జూన్ 4న లెక్కింపు, ఆపై కొత్త ప్రభుత్వం, బదిలీలు. నాలుగు నెలలు తిరిగి పరిచయం చేసుకున్న అధికారుల్లో సగం మంది వేరే జిల్లాలకు వెళ్ళిపోయారు. కొత్తగా వచ్చినవాళ్ళకు మళ్ళీ మొదటి నుంచి అదే పవర్‌పాయింట్. "ఇది ఆ గ్రీన్ క్లైమేట్ ఫండ్ ప్రాజెక్టేనా?" అని ప్రతిచోటా అడిగేవారు. ఆంధ్రప్రదేశ్, ఒడిశా, మహారాష్ట్ర తీరాలకు 2018లో ఆ నిధి మంజూరు చేసిన 4.34 కోట్ల డాలర్ల ప్రాజెక్టు గురించి అందరికీ తెలుసు. మాది కాదండీ, మాది దాని ముందు చిల్లర అని చెప్పాక సగం ఆసక్తి పోయేది.

జులైలో మంజూరు లేఖ వచ్చింది. ఆ వారంలోనే గోదావరికి వరద. ధవళేశ్వరం దగ్గర నీరు 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. ఆ ఏడు రెండోది దాటింది. కాజ్‌వేలు మునిగాయి, లంకలకు పడవలే దిక్కు. ప్రాజెక్టు ప్రారంభ సభ వాయిదా వేశాం.

డబ్బు గురించి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇది ఎవరూ ముందుగా చెప్పరు. విదేశీ విరాళం ముందు ఢిల్లీలో ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలో ఉన్న ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) ఖాతాలోనే పడాలి. ఆ చట్టానికి 2020లో చేసిన సవరణ తర్వాత ఆ డబ్బును ఇంకో సంస్థకు బదిలీ చేయడానికి లేదు. పాలనా ఖర్చులు 50 శాతం దాకా ఉండొచ్చన్నది పోయి 20 శాతానికి దిగింది. అంటే, ఏళ్ళ తరబడి ఆ ఊళ్ళలో పనిచేస్తున్న స్థానిక స్వచ్ఛంద సంస్థకు మేము నిధులిచ్చి పని అప్పగించలేం. వాళ్ళ కుర్రాళ్ళను మేమే ఉద్యోగంలోకి తీసుకున్నాం. ఆ సంస్థ పెద్దాయన నాతో ఒక్క మాట తూలలేదు కానీ, తర్వాత చాలాకాలం నా ఫోన్ ఎత్తలేదు. ఆయన చోట ఎవరున్నా అంతే చేస్తారు. పరిచయాలు ఆయనవి, మనుషులు ఆయనవాళ్ళు, బోర్డు మీద పేరు మాది.

దాత సంస్థ లెక్కల సంవత్సరం జనవరి నుంచి డిసెంబరు. మనది ఏప్రిల్ నుంచి మార్చి. కాబట్టి ఒకే ఖర్చుకు రెండు పుస్తకాలు. అక్టోబరు చివరి ఆదివారం వాళ్ళ గడియారం గంట వెనక్కి జరుగుతుంది, అప్పటిదాకా మధ్యాహ్నం ఒకటిన్నరకు ఉండే మీటింగ్ రెండున్నరకు వెళ్తుంది. ఆటు సమయానికి ఏటి మీద ఉండాల్సిన మనిషికి ఆ గంట చాలా తేడా చేస్తుంది.

ఫారెస్టు అనుమతికి ఆగస్టులో అర్జీ పెట్టాం. కోరింగ అభయారణ్యం లోపలైతే రాష్ట్ర స్థాయిలో ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడి దాకా వెళ్ళాలి కాబట్టి, కావాలనే అభయారణ్యం బయట రిజర్వు ఫారెస్టులో ఎండిపోయిన చోటు ఎంచుకున్నాం. అయినా ఫైలు కదలడానికి జనవరి దాటింది. సర్వే నంబరు ఒక కాగితంలో ఒకలా, మ్యాపులో ఇంకోలా ఉందని ఒకసారి, గ్రామ కమిటీ తీర్మానంలో సంతకాలు తక్కువని ఒకసారి వెనక్కి వచ్చింది. ఇలా ఎదురుచూసే రోజుల్లో పెద్ద కోపం రాదు, చిన్న చిన్న వాటికి వస్తుంది. జిరాక్స్ షాపులో ఇంకు తక్కువ పడితే ఆ అబ్బాయి మీద అరిచాను. అనుమతి ఫిబ్రవరి కల్లా రాకపోతే కాలువలు తవ్వే అదును పోతుంది, అదును పోతే ఏడాది పోతుంది. ఈ సంగతి ఫైలు మీద కూర్చున్నవాళ్ళకు పట్టదు, నాకు నిద్ర పట్టదు.

2025 ఫిబ్రవరిలో కాగితం చేతికొచ్చింది. తవ్వకం మొదలైంది.

పద్ధతి మాది కాదు. 1990ల చివర్లో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీ శాఖ, ఊళ్ళలోని వన సంరక్షణ సమితులు కలిసి గోదావరి, కృష్ణా మడ అడవుల్లో ఇలాగే చేశారు. అడవి నరికేసిన చోట నేల కొద్దిగా కుంగి, పోటుకు వచ్చిన నీరు వెనక్కి పోక అక్కడే ఎండి ఉప్పు తేలుతుంది. ఆ ఉప్పులో ఏ మొక్కా బతకదు. అందుకని ఏటి పాయ నుంచి ఒక పెద్ద కాలువ, దానికి రెండు వైపులా ఏటవాలుగా పిల్ల కాలువలు, పైనుంచి చూస్తే చేప ముల్లులా తవ్వుతారు. రోజుకు రెండుసార్లు పోటు వచ్చి పోతుంటే ఉప్పు కడుక్కుపోతుంది. వాన, వరద కూడా అయ్యాక పిల్ల కాలువ గట్టు వాలులో, మరీ పైనా మరీ అడుగునా కాకుండా నడిమి ఎత్తులో మొక్క పెడతారు.

అప్పట్లో తవ్విన ఒక తాత మా పనికి వచ్చాడు. నేను ల్యాప్‌టాప్‌లో వేసుకున్న పని పట్టిక చూపిస్తే, "తిథి ఎక్కడమ్మా?" అన్నాడు. అమావాస్యకు, పౌర్ణమికి పోటు పెద్దది. కాలువలో దిగితే నడుం లోతు. అష్టమి, నవమికి పోటు తక్కువ, పారకు పని దొరుకుతుంది. ఆయన వేళ్ళ మీద లెక్కేసి చెబుతుంటే పట్టికలో ఒక కొత్త వరస చేర్చాను, వారాల బదులు తిథులు. యూరప్ నుంచి మానిటరింగ్ ఆఫీసరు దాన్ని చూసి ఇదేంటని అడిగింది. చంద్రుడి దశలు అని రాస్తే చాలా సంతోషించి, వేరే దేశాల ప్రాజెక్టులకు కూడా పంపింది.

కూలి రేటు దగ్గర వారం పట్టింది. ఆ ఏడు మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి 300 నుంచి 307కు పెరిగింది. బడ్జెట్‌లో ఉపాధి హామీ రేటే వేసుకున్నాం. "బురదలో మోకాళ్ళ దాకా దిగి 307కి ఎవరొత్తారండి, రొయ్యల చెరువు మీదకెళ్తే అంతకు రెట్టింపు, పైగా టీ, టిఫిను" అంది గుంపు పెద్దగా వచ్చిన ఆవిడ. నిజమే కదా. రేటు పెంచి, తవ్వే పొడవు తగ్గించాం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం, ఆ రెండు నెలలు మగవాళ్ళు కూడా పనికి వచ్చారు. పని జోరందుకుంది. ఈ పద్ధతిలో చేయాలనుకునేవాళ్ళు ఆ రెండు నెలల మీద గురిపెట్టుకోండి.

కూలి నేరుగా ఎవరి ఖాతాలో వాళ్ళకే వేయాలి. ఆధార్‌లో ఒక పేరు, పాసు పుస్తకంలో ఇంకో పేరు. కొన్ని ఖాతాలు ఏళ్ళుగా వాడక పడుకున్నాయి. ఒకావిడ డబ్బు పొరపాటున ముమ్మిడివరంలో ఉన్న ఆమె ఆడపడుచు ఖాతాలో పడింది, అది తిరిగి రావడానికి రెండిళ్ళ మధ్య పంచాయితీ జరిగింది. ఇక పడవ అద్దె. పడవ అతనికి జీఎస్టీ లేదు, బిల్లు పుస్తకం లేదు. తెల్లకాగితం రసీదు మీద, 5000 దాటితే రెవెన్యూ స్టాంపు అంటించి సంతకం పెట్టించాలి. రూపాయి స్టాంపు కోసం రెండు పోస్టాఫీసులు తిరిగాను. ఇప్పుడు నా బ్యాగులో ఎప్పుడూ ఒక షీటు ఉంటుంది, పారాసిటమాల్ పక్కన.

జూన్‌లో దాతల బృందం వచ్చింది. యానాం నుంచి పడవలో తీసుకెళ్ళాం. మంచి మనుషులు, నిజంగానే తెలుసుకోవాలన్న తపన ఉన్నవాళ్ళు. వాళ్ళలో ఒకాయన గట్టు మీద కూర్చున్న వేటగాళ్ళను "వాతావరణ మార్పును మీరు ఎలా ఎదుర్కొంటున్నారు?" అని అడిగాడు. నేను తెలుగు చేసి చెప్పాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆపై ఒకతను 1996 నవంబరు 6 తుపాను గురించి మొదలుపెట్టాడు. భైరవపాలెం, బలుసుతిప్ప వైపు నుంచి వేటకెళ్ళి తిరిగి రానివాళ్ళ పేర్లు వరసగా చెబుతూ పోయాడు. నేను ఆ పేర్లు ఇంగ్లీషులో అలాగే చెప్పుకుంటూ వెళ్ళాను. రిపోర్టులో అది "సముదాయ జ్ఞాపకం" అన్న శీర్షిక కింద రెండు లైన్లయింది.

రెండో విడత డబ్బు జులైలో వచ్చింది. బడ్జెట్ వేసినప్పుడు యూరో 90 రూపాయలు, ఇప్పుడు 100 అటూ ఇటూ. రూపాయల్లో మిగులు తేలింది. ఇది దేవుడు పంపినట్టే అయింది, ఎందుకంటే సెప్టెంబరులో నర్సరీ మొక్కలు నాటాక గేదెలు దిగాయి. మడాకు వాటికి ఇష్టం, లేత మొక్కయితే మరీ. తెల్లారేసరికి ఒక పిల్ల కాలువ గట్టంతా మోడు. కాపలా ఖర్చు అన్న పద్దే బడ్జెట్‌లో లేదు. గేదెల ఆసాములతో మాట్లాడాం. "మా తాతల నాడు నుంచి అక్కడే మేత్తున్నాయండి, మీరు నిన్నొచ్చారు" అన్నారు. చివరికి ఆ ఇళ్ళలో వాళ్ళనే కాపలాకు పెట్టి, జీతం మారకపు మిగులు నుంచి ఇవ్వడానికి అనుమతి తెచ్చాను. అనుమతి పది రోజుల్లో వచ్చింది. మొత్తం ప్రాజెక్టులో నేను చూసిన వేగవంతమైన సంతకం అదే.

అక్టోబరు 28న మొంథా తుపాను. నర్సాపురం దగ్గర రాత్రి తీరం దాటింది. రెండు రోజుల ముందు నుంచే జనాన్ని పునరావాస కేంద్రాలకు తరలిస్తున్నారు, మా హెచ్చరికల వాట్సాప్ గ్రూపులు మాత్రం మొదటిసారి అక్కరకొచ్చాయి. నేను కాకినాడలో కిటికీలకు గుడ్డలు కుక్కుకుని కూర్చుని పట్టిక తీసి చూశాను. ఆ రోజు సప్తమి. పోటు తక్కువ రోజులు. అమావాస్య వారం ముందే వెళ్ళిపోయింది. గుండె కొంచెం కుదుటపడింది. తర్వాత తాతకు ఫోన్ చేసి ఈ మాటంటే, "నీకిప్పుడు తెలిసిందా" అని నవ్వాడు.

నీళ్ళు తీశాక మేము చేరేసరికి మొక్కలు చాలావరకు నిలిచే ఉన్నాయి. పోయినవి కాలువలు. పిల్ల కాలువల్లో సగానికి పైగా పూడిక, మొగ దగ్గర ఇసుక మేట, కొట్టుకొచ్చిన కొబ్బరి మట్టలు, ఎవరిదో వల. కాలువ పారకపోతే రెండు వేసవుల్లో మళ్ళీ ఉప్పు తేలుతుంది, నిలిచిన మొక్క కూడా పోతుంది.

డిసెంబరు రిపోర్టులో అడిగిన అంకె ఒక్కటే, బతికిన మొక్కల శాతం. ఆ అంకె బాగానే ఉంది. అభినందనలు కూడా వచ్చాయి. పూడిక తీతకు డబ్బు కావాలని విడిగా రాస్తే, అది నిర్వహణ పని, మీ ప్రాజెక్టు పునరుద్ధరణ, పద్దు వేరు అన్నారు. రెండు కాల్స్ తర్వాత ఒక దారి దొరికింది. పద్దుల మధ్య పది శాతం దాకా ముందస్తు అనుమతి లేకుండా మార్చుకోవచ్చని మా ఒప్పందంలో ఒక షరతు ఉంది. శిక్షణల పద్దులో ఒక వర్క్‌షాపు మానేసి, ఆ డబ్బు పారలకు మళ్ళించాం. ఫిబ్రవరిలో అష్టమి చూసుకుని మొదలుపెడతాం. కూలి మీద ఇంకా బేరం తెగలేదు, ఈసారి గుంపు పెద్ద టిఫిను కూడా అడుగుతోంది.